పేలిన తూటా – మిగిలిన ఇత్తడి

తూటా అనగానే మన మనస్సుకు తట్టేది గుండు. దూరాన పోయి తగిలేది అదే కనుక పేరంతా దానికే దక్కింది. కాని తుపాకి పేలిన తరువాత, కాల్చినవాని ప్రక్కన నేలమీద ఖంగుమని పడే ఇత్తడి గొట్టం ఒకటి ఉన్నది. తూటాలోని భాగాలన్నింటిలోకి ఎక్కువ శ్రమతో, ఎక్కువ నైపుణ్యంతో తయారయ్యేది అదే. దానిని మనం తూటా గుల్ల అందాము. గుండు పోయింది, మందు పొగ అయింది. గుల్ల మాత్రం మిగిలింది. ఆ గుల్లను శుభ్రపరచి, సరిచేసి, మళ్లీ తూటాగా కూర్చవచ్చునా? కూర్చవచ్చును. అయితే ఎన్నిసార్లు? ఏ గుల్లను నమ్మవచ్చు, దేనిని పారవేయవలె? ఈ ప్రశ్నలకు సమాధానం ఇత్తడి స్వభావంలోనే ఉన్నది.

విషయంలోకి పోయేముందు ఒక మాట. మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం, లైసెన్సు లేనిదే ఎవరూ తూటాలు తయారు చేయరాదు. కనుక ఇది మన ఇండ్లలో చేసి చూడదగిన పని కాదు. అమెరికాలో మాత్రం ఇది నూరేండ్లు పైబడిన అలవాటు. 1880 ప్రాంతాలలో అక్కడి సైనిక శిబిరాలలో, గురి అభ్యాసానికి కావలసిన తూటాలను పాత గుల్లలతోనే మళ్లీ కూర్చుకొనేవారు. 1884లో జాన్ బార్లో అనే ఆయన కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ పట్టణంలో ఐడియల్ అనే పేరుతో ఒక సంస్థను నెలకొల్పి, పటకారు వంటి చేతిపనిముట్లను ఈ పనికోసమే తయారుచేసి అమ్మినాడు. ఖర్చు తగ్గుతుందని కొందరు, తమ తుపాకికి సరిగా అమరే తూటాను తామే కూర్చుకోవచ్చునని కొందరు, నేటికీ అక్కడ ఈ పని చేస్తూనే ఉన్నారు. వారిలో అనుభవజ్ఞులను అడిగితే, మందు కొలవడం ఎంత ముఖ్యమో, గుల్లను సిద్ధపరచడం కూడా అంత ముఖ్యమని చెబుతారు.

మొదట తూటాకు ఇత్తడి ఎట్లా వచ్చినదో చూద్దాము. 1857 నాటి తిరుగుబాటును గూర్చి చదివినవారందరికీ ఎన్‌ఫీల్డు తూటా సంగతి తెలుసు. అది కాగితపు పొట్లం. సిపాయి దానిని పంటితో కొరికి, మందును తుపాకి మూతినుండి లోపల పోసి, పైన గుండు దిగగొట్టేవాడు. ఆ పొట్లానికి పూసిన కొవ్వే ఆనాటి అలజడికి కారణాలలో ఒకటి అయినది. తరువాత పదేండ్లలోనే తుపాకి మారిపోయినది. మందును మూతినుండి కాక వెనుకనుండి నింపే తుపాకులు వచ్చినవి. వాటితో ఒక కొత్త చిక్కు పుట్టినది. వెనుక తలుపు తెరుచుకొనే తుపాకిలో, మండుతున్న వాయువు ఆ తలుపు సందునుండి కాల్చేవాని ముఖం మీదికి తన్నకుండా ఆపడం ఎట్లా? కాగితం ఆపలేదు. లోహపు గుల్ల కావలసి వచ్చినది.

1866లో బ్రిటిష్ సైనికాధికారి ఎడ్వర్డ్ బాక్సర్ ఒక తూటాకు పేటెంటు పొందినాడు. ఆనాటి గుల్లను పలుచని ఇత్తడి రేకును చుట్టి చేసేవారు. మార్టినీ-హెన్రీ తుపాకికి కూడా ఇట్టి చుట్టిన గుల్లనే వాడినారు. 1884, 1885 సంవత్సరాలలో సూడాన్ ఎడారిలో జరిగిన యుద్ధాలలో ఈ గుల్లలు వేడెక్కిన తుపాకి గదిలో అతుక్కొనిపోయి, బయటికి లాగబోతే చిరిగిపోయినవి. శత్రువు మీదికి వచ్చి పడుతుండగా, సైనికుని చేతిలోని తుపాకి పనిచేయకుండా పోయినది. ఆ అనుభవం తరువాత చుట్టిన రేకును వదలి, ఒకే ముద్దనుండి సాగదీసిన గట్టి ఇత్తడి గుల్లలకు మారినారు. నేడు మనకు తెలిసిన గుల్ల అదే.

ఈ గుల్లకు వాడే ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు యశదం, అంటే జింకు, ఉంటుంది. ఇందులో ఒక విశేషం ఉన్నది. ఇది బాగా సాగుతుంది. సాగి మళ్లీ కొంత వెనుకకు వస్తుంది. తుపాకి పేలినప్పుడు ఈ రెండు గుణాలూ కావలె. ఉదాహరణకు అమెరికాలో ప్రసిద్ధమైన ముప్పై-నాట్-సిక్సు రైఫిలు తూటానే తీసుకోండి. దానిలో పుట్టే ఒత్తిడి చదరపు అంగుళానికి 60,000 పౌనుల వరకు ఉండవచ్చునని ప్రమాణం. ఆ ఒత్తిడికి గుల్ల పలుచని గోడలు ఉబ్బి, తుపాకి గది గోడలకు గట్టిగా అదుముకొంటవి. అందుచేత వాయువు వెనుకకు రాలేదు. గుండు గొట్టం దాటి పోగానే ఒత్తిడి తగ్గుతుంది. ఇత్తడి కొంచెం ముడుచుకొంటుంది. గుల్ల సులభంగా బయటికి వస్తుంది. ఇదంతా సెకనులో వెయ్యోవంతుకు కొంచెం అటు ఇటుగా జరిగే పని. ఉబ్బకపోతే వాయువు వెనుకకు తన్నుతుంది. ముడుచుకొనకపోతే గుల్ల గదిలోనే ఇరుక్కొంటుంది.

ఒకే గుల్లలో అన్ని భాగాలూ ఒకే విధంగా ఉండకూడదు. మెడ మెత్తగా ఉండవలె; అప్పుడే అది గుండును చక్కగా పట్టుకొని, పేలినప్పుడు చీలకుండా ఉబ్బుతుంది. అడుగు భాగం మందంగా, గట్టిగా ఉండవలె. పూర్తి ఒత్తిడికి ఆధారం అదే. ఒకే లోహంలో ఒక చివర మెత్తదనం, మరొక చివర గట్టిదనం ఎట్లా తెస్తారు? ఈ రహస్యం మన కంచరివారికి తరతరాలుగా తెలిసినదే.

పెంబర్తిలో గాని, శ్రీకాకుళం జిల్లా బూడితిలో గాని ఇత్తడి పనివారిని చూచినవారికి ఈ సంగతి తెలుస్తుంది. రేకును సుత్తితో కొట్టుతూ పోతే అది కొంతసేపటికి బిర్రబిగిసి మొండికేస్తుంది. ఇంకా కొట్టితే పగులుతుంది. అప్పుడు పనివాడు దానిని నిప్పుమీద కాల్చుతాడు. చల్లారిన తరువాత అది మళ్లీ మెత్తగా, చెప్పినట్లు వింటుంది. కొట్టినప్పుడు లోహంలోని సూక్ష్మ స్ఫటికాలు నలిగి, ఒకదానినొకటి కదలనీయకుండా బిగిసిపోతవి. వేడి తగిలినప్పుడు నలిగినవాటి స్థానంలో కొత్త స్ఫటికాలు పుట్టుకొని వస్తవి. ఇక్కడ కమ్మరికి, కంచరికి ఒక భేదం ఉన్నది. కమ్మరి ఎర్రగా కాలిన ఉక్కును నీటిలో ముంచితే అది గట్టిపడుతుంది. కంచరి కాల్చిన ఇత్తడిని నీటిలో ముంచినా అది మెత్తగానే ఉంటుంది. ఇత్తడిని గట్టిపరచేది దెబ్బ, మెత్తపరచేది వేడి. ఇత్తడి సంగతిలో వేరే దారి లేదు.

కర్మాగారంలో గుల్ల పుట్టేది కూడా ఈ పద్ధతిలోనే. ఇత్తడి బిళ్లను మొదట చిన్న గిన్నెగా వంచుతారు. ఆ గిన్నెను ఒకదాని తరువాత ఒకటిగా అచ్చులలో సాగదీస్తారు. నడుమ నడుమ కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు. అడుగును అదిమి గట్టిపరుస్తారు. చివరకు మెడను మాత్రం మంటకు చూపుతారు. సైన్యానికి చేసిన తూటాలలో కొన్నింటి మెడ దగ్గర ఇంద్రధనుస్సు రంగుల పట్టీ ఒకటి కనిపిస్తుంది. అది మచ్చ కాదు. మెడను కాల్చినారనడానికి గుర్తు. అంగడిలో అమ్మే తూటాలకు మెరుగు పెట్టడంవల్ల ఆ గుర్తు పోతుంది.

ఇత్తడి తనకు తగిలిన ప్రతి దెబ్బనూ లోపల దాచుకొంటుందనే సంగతిని లోకానికి తెలియజెప్పినది మన దేశపు వానకాలం. బ్రిటిష్ పాలన కాలంలో వానలు పడే నెలలలో ఇక్కడి సైన్యపు పనులు తగ్గేవి. అప్పుడు తూటాలను గుర్రపుశాలలలో నిలువ చేసేవారు. వానలు వెలిసిన తరువాత చూస్తే, ఒక్కసారి కూడా కాల్చని తూటాలు పగిలి ఉండేవి. ముఖ్యంగా మెడ గుండును బిగించి పట్టిన చోట చీలికలు కనిపించేవి. తుపాకి తాకలేదు, దెబ్బ తగలలేదు. అయినా ఇత్తడి తనంత తానే పగిలినది. దీనికి రుతువుల పగులు అనే అర్థం వచ్చే పేరు పెట్టినారు గాని, కారణం చాలాకాలం తెలియలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు దానిని వివరించినారు. గుర్రాల మూత్రంనుండి అమ్మోనియా వాయువు పుడుతుంది. తేమగాలిలో అది ఇత్తడిని పట్టుకొంటుంది. ఇత్తడిలో ముందే బిగువు దాగి ఉంటే, ఆ బిగువు ఉన్న చోట స్ఫటికాల సరిహద్దుల వెంట చీలిక ప్రాకుతుంది. అమ్మోనియా ఒక్కటే ఉంటే ఆ పగులు రాదు. బిగువు ఒక్కటే ఉన్నా రాదు. రెండూ కలిసిన చోటనే అపాయం. మరీ ఎర్రగా కాల్చనక్కరలేకుండా కొద్దిపాటి వేడి చూపితే, గట్టిదనం చెడకుండానే లోపలి బిగువు మాత్రం సడలుతుందని కూడా తేలినది.

ఇక పేలిన గుల్లను మళ్లీ సిద్ధపరచే క్రమం చూద్దాము. ఈ క్రమంలో ప్రతి అంగమూ పైన చెప్పిన సూత్రాలనుండి పుట్టినదే.

మొదటి పని వేరుచేయడం. ఒకే కర్మాగారంలో చేసి, ఒకే సంఖ్యలో సార్లు కాల్చిన గుల్లలను ఒక చోట ఉంచుతారు. ఎన్నిసార్లు కాల్చినదో తెలియని గుల్ల, వయస్సు దాచిన ఎద్దు వంటిది. తరువాత ఒక్కొక్కదానిని వెలుతురులో త్రిప్పి చూస్తారు. మెడ చీలినదానిని, అడుగు ఉబ్బినదానిని అక్కడే ఏరి పారవేస్తారు.

రెండవ పని పాత ప్రైమరును తీసివేయడం. గుల్ల అడుగున నడిమధ్య ఉండే చిన్న లోహపు గిన్నెకు ప్రైమరని పేరు. తుపాకి సూది దానిని కొట్టగా అందులోని నిప్పురవ్వ చిన్న రంధ్రం గుండా పోయి మందును అంటిస్తుంది. ఈ ప్రైమర్లు రెండు జాతులు. బాక్సర్ పద్ధతిలో గుల్లకు నడుమ ఒకే రంధ్రం ఉంటుంది. లోపలినుండి ఒక సన్నని కడ్డీతో నెడితే ప్రైమరు ఊడివస్తుంది. అమెరికాకు చెందిన హైరమ్ బెర్డన్ కూడా 1866లోనే పేటెంటు పొందినాడు. ఆయన పద్ధతిలో ప్రైమరు ఒత్తుకొనే చిన్న దాగలి గుల్లలోనే ఒక భాగంగా ఉంటుంది. రంధ్రాలు ప్రక్కలకు ఉంటవి. కడ్డీతో నెట్టడానికి వీలుండదు. విచిత్రమేమంటే, బ్రిటిష్‌వాని పద్ధతి అమెరికాలోను, అమెరికావాని పద్ధతి ఐరోపాలోను స్థిరపడినవి. అమెరికాలో గుల్లలను మళ్లీ వాడే అలవాటు ఇంటింటికి వ్యాపించడానికి ఈ ఒక్క రంధ్రం కూడా ఒక కారణం.

పూర్వపు ప్రైమర్లలో పాదరసపు ఫల్మినేటు ఉండేది. పేలినప్పుడు విడుదలయ్యే పాదరసం ఇత్తడిలోనికి ఇంకి, దానిని పెళుసుగా చేసేది. పైకి చూస్తే గుల్ల బాగానే కనిపించేది. మళ్లీ కాల్చితే విరిగేది. అందుచేత పాదరసపు ప్రైమర్లతో కాల్చిన పాత గుల్లలను తెలిసినవారు ముట్టుకొనరు. దీనిని చక్కచేసే మార్గం లేదు.

మూడవ పని శుభ్రపరచడం. అక్రోటు కాయల పెంకుల పొడిలోగాని, మొక్కజొన్న కండెల పొడిలోగాని గుల్లలను వేసి యంత్రంలో దొర్లిస్తారు. కొందరు నిమ్మ ఉప్పు కలిపిన పలుచని నీటితో కడుగుతారు. మన గృహిణులు ఇత్తడి చెంబును చింతపండుతో తోమినప్పుడు జరిగే రసాయన చర్య కూడా ఇటువంటిదే. పులుపులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. అయితే ఆమ్లంలో ఎక్కువసేపు నానితే యశదం కరిగిపోయి, రాగి మిగిలి, ఇత్తడి గులాబి రంగుకు తిరుగుతుంది. ఆ రంగు అందం కాదు, బలహీనతకు గుర్తు. అమ్మోనియా కలిసిన మెరుగు ద్రావకాలను మాత్రం గుల్లల దగ్గరకు రానీయరు. గుర్రపుశాల పాఠం ఇక్కడ మళ్లీ గుర్తుకు రావలె. పేలిన గుల్లలో బిగువు ఎప్పుడూ ఉంటుంది. దానికి అమ్మోనియాను మనమే తెచ్చి చేర్చడం తెలివైన పని కాదు.

నాలుగవది మెడను మెత్తబరచడం. పేలినప్పుడల్లా మెడ ఉబ్బుతుంది. అచ్చులో దూర్చినప్పుడల్లా నొక్కుకొనిపోతుంది. ఈ రెండూ ఇత్తడికి దెబ్బలే. కొన్ని మార్లు అయ్యేసరికి అది బిర్రబిగిసి చీలడానికి సిద్ధమౌతుంది. కనుక మెడను, భుజాన్ని కొద్ది సెకనులు మంటకు చూపుతారు. పూర్వం ఒక పళ్లెంలో నీరు పోసి, గుల్లలను నిలువుగా నిలబెట్టి, అడుగు భాగం నీటిలో మునిగి ఉండగా మెడలను మాత్రమే కాల్చేవారు. నేడు గుల్లను త్రిప్పుతూ మంట చూపే యంత్రాలు, విద్యుత్తుతో వేడిచేసే యంత్రాలు కూడా వచ్చినవి. సాధనం ఏదైనా నియమం ఒక్కటే: అడుగుకు వేడి తగలకూడదు. అడుగు మెత్తబడితే ఒత్తిడికి అది లొంగుతుంది, ప్రైమరు గది వెడల్పౌతుంది, వాయువు వెనుకకు తన్నుతుంది. ఆ వాయువుకు ఎదురుగా ఉండేది కాల్చేవాని కన్ను. పొరపాటున అడుగు కాలిన గుల్లను మళ్లీ కాల్చిగాని, నీటిలో ముంచిగాని గట్టిపరచలేము. ఇత్తడిని గట్టిపరచేది దెబ్బయే గదా! పూర్తిగా రూపొందిన గుల్ల అడుగును ఇంటిలో ఆ విధంగా అదమడం సాధ్యం కాదు. దానిని పారవేయవలసినదే.

అయిదవది ఆకారాన్ని సరిదిద్దడం. పేలి ఉబ్బిన గుల్లను ఉక్కు అచ్చులోనికి నెట్టి పూర్వపు కొలతకు తెస్తారు. దీనికి పలుచగా జిడ్డు పూయవలె. జిడ్డు లేకపోతే గుల్ల అచ్చులో ఇరుక్కొంటుంది. ఎక్కువైతే భుజం దగ్గర సొట్ట పడుతుంది. తరువాత ఆ జిడ్డును పూర్తిగా తుడిచివేస్తారు.

ఆరవది పొడుగును చూడడం. మాటిమాటికి పేలి, అచ్చులో నొక్కుకొన్న ఇత్తడి మెడవైపు పారి, గుల్ల పొడుగౌతుంది. ముప్పై-నాట్-సిక్సు గుల్ల 2.494 అంగుళాలు మించరాదు. మించితే మెడ అంచు తుపాకి గది చివర గుచ్చుకొని, గుండును వదలక బిగబట్టుతుంది. ఒత్తిడి అపాయకరంగా పెరుగుతుంది. కనుక 2.484 అంగుళాలకు కత్తిరిస్తారు. ఈ రెండు కొలతల మధ్య భేదం అంగుళంలో నూరోవంతు మాత్రమే. కత్తిరించిన అంచును లోపల, వెలుపల నునుపు చేసి, ప్రైమరు గదిలోని మసిని గీకి, రంధ్రం మూసుకొనలేదని చూచుకొంటే గుల్ల సిద్ధమైనట్లే.

పొడుగు పెరిగిన ఇత్తడి ఎక్కడినుండి వచ్చినది? గుల్ల గోడలనుండే. ఇదే అన్నింటికంటె ముఖ్యమైన పరీక్షకు కారణం. పేలినప్పుడు ముందు గోడలు గదిని పట్టుకొని కదలవు. మందమైన అడుగు మాత్రం వెనుకకు నెట్టుకొనిపోతుంది. అందుచేత అడుగుకు కొంచెం పైన గోడ సాగి పలుచనౌతుంది. మళ్లీ మళ్లీ ఇట్లా జరిగితే అక్కడ వెలుపల ఒక మెరిసే వలయం కనిపిస్తుంది. లోపల చిన్న గాడి పడుతుంది. కంటికి కనిపించకముందే దానిని కనిపెట్టడానికి ఒక సన్నని తీగ కొనను కొంచెం వంచి, గుల్లలోపల గోడ వెంట పైకి లాగుతారు. తీగ ఎక్కడైనా తట్టుకొంటే అక్కడ గాడి ఉన్నదన్నమాట. వందల రూపాయల సాధనం కాదు, వంచిన తీగముక్క. దానిని వాడని కారణంగా గుల్ల రెండుగా తెగి, ముందు ముక్క తుపాకిలోనే చిక్కుకొనిపోవచ్చు, వాయువు వెనుకకు పొంగవచ్చు.

ఇట్లా చూస్తే గుల్లను సిద్ధపరచడమంటే మెరుగు పెట్టడం కాదని తెలుస్తుంది. తళతళలాడే గుల్ల లోపల గాడి ఉండవచ్చు. మసి పట్టిన గుల్ల ఇంకా అయిదుసార్లు పనికిరావచ్చు. వేడి సవరించగల లోపాలు కొన్ని, అచ్చు సవరించగలవి కొన్ని, ఏదీ సవరించలేనివి కొన్ని. మెడ బిగువు మొదటి రకం. ఉబ్బు రెండవ రకం. చీలిక, పలుచబడిన గోడ, మెత్తబడిన అడుగు మూడవ రకం. ఈ మూడింటిని వేరుచేసి తెలుసుకోవడమే ఈ పనిలోని విద్య. సందేహం కలిగిన గుల్లను పటకారుతో నలిపి, మరెవరూ పొరపాటున తీసి వాడకుండా పాత ఇత్తడిలో వేయడం మంచి పనివాని లక్షణం. అందువల్ల నష్టం కూడా లేదు. పాత ఇత్తడి కరిగి మళ్లీ ఇత్తడే అవుతుంది. పోయిన కన్ను మాత్రం తిరిగి రాదు.